హనుమకొండ ఆదివారం మందుల క్లాసు: పరకాల మెడికల్ షాపు నుంచి ఒక రివ్యూ

ఇది నీట్ కోచింగ్ గురించి కాదు, ముందే చెప్తున్నా. హనుమకొండలో రిటైరైన ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎట్లా పని చేస్తాయో చెప్పే సైన్సు) ప్రొఫెసర్ ఒకాయన తన ఇంటి మీద రేకుల షెడ్డులో ప్రతి ఆదివారం పొద్దున పదింటికి ఒక క్లాసు చెప్తారు, దాని గురించి. బోర్డు లేదు, పేరు కూడా పెట్టలేదు, వచ్చేవాళ్లంతా "మందుల క్లాసు" అనే అంటారు. పెద్దవాళ్లకు 50 రూపాయలు, బడి పిల్లలకు ఫ్రీ. నాకు పరకాలలో చిన్న మెడికల్ షాపు ఉంది, డీఫార్మసీ చేసి పద్నాలుగేళ్లయింది. నాలుగు నెలలుగా ఆదివారం షాపు సాయంత్రమే తెరుస్తున్నా, పొద్దున బస్సెక్కి గూడెప్పాడు మీదుగా క్లాసుకు పోతున్నా. ఆదివారం పొద్దున బేరం వదులుకుని పోయేంత ఏముందక్కడ అని మా ఆయన మొదట్లో అడిగాడు. ఆయనకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

నేను అక్కడికి పోవడానికి కారణం మా అమ్మ. రెండేళ్ల కింద మోకాళ్ల నొప్పులకు ఎవరో చెప్పారని ఊరూరు తిరిగే ఒక మందులాయన దగ్గర పొట్లాలు తెచ్చుకుంది. చెట్ల మందు, ఏ హానీ లేదు అన్నాడట. వారం తిరిగేసరికి అమ్మ మెట్లు పట్టుకోకుండా ఎక్కింది, నేనూ సంతోషపడ్డా. ఆరు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎప్పుడూ లేని షుగర్ 300 దాటింది. డాక్టరు చూసి, ఈ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు, అయినా ఉన్నపళంగా ఆపొద్దు, నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రండి అన్నారు. విషమని తెలిశాక కూడా ఎందుకు ఆపొద్దు అని అమ్మ నన్ను అడిగింది. రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ స్ట్రిప్పులు అమ్మే నేను దానికి సరైన జవాబు చెప్పలేకపోయా. పుస్తకంలో చదివిన మాట గుర్తుంది, అమ్మకు అర్థమయ్యేలా చెప్పడం రాలేదు. ఆ బాధ చాలా రోజులు ఉండిపోయింది.

క్లాసులో మూడో వారం ఇదే అడిగా. సార్ బోర్డు మీద రెండు కిడ్నీలు గీసి, వాటి మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు పెట్టారు. అవి అడ్రినల్ గ్రంథులు, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను రోజూ అవే తయారు చేస్తాయి. బయటి నుంచి అదే సరుకు ఎక్కువగా వస్తూ ఉంటే మెదడు కిందున్న పిట్యూటరీ వాటికి కబురు పంపడం మానేస్తుంది, నెలల తరబడి పని లేక అవి కుంచించుకుపోతాయి. "ఇంట్ల అందరు పని మానేసి ఎవుసమంత జీతగాని మీదనే నడుస్తున్నదనుకో. ఒక్కనాడు జీతగాడు పోతే నాటేసేదెవరు?" అన్నారు. అందుకే డోసు మెల్లగా దించుకుంటూ, ఇంటివాళ్లకు మళ్లీ పొలం పని అలవాటు చేయాలి. ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆ రాత్రి అమ్మకు ఇదే మాట చెప్తే, "గట్ల చెప్తె సమజైతది గదా బిడ్డా" అంది.

సార్ గురించి కొంచెం. ములుగు వైపు పల్లెటూరి మనిషి, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ముప్పై రెండేళ్లు కాలేజీలో ఫార్మకాలజీ చెప్పారు. రీసెర్చ్ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఒక మందు లివర్లో ఇంకో మందును ఎట్లా ఆపుతుంది, ఎట్లా పెంచుతుంది. ఆయన దగ్గర ఒక ఊతపదం ఉంది, "ఎట్ల తెలిసింది?" ఎవరు ఏం చెప్పినా ముందు ఆ మాటే అడుగుతారు. ఒకసారి ఒక అంకుల్ లేచి పసుపు పాలల్లో మిరియాల పొడి కలిపి తాగితే అన్ని రోగాలూ పోతాయన్నారు. సార్ ఆయన మాట కొట్టిపారేయలేదు. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు 1998లో ప్రచురించిన పరిశోధన చెప్పారు: పసుపులోని కుర్కుమిన్ 2 గ్రాములు ఒక్కటే ఇస్తే మనిషి రక్తంలో దాదాపు కనపడలేదు, 20 మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, కలిపి ఇస్తే ఒంటికి అందింది 2000 శాతం పెరిగింది. అంకుల్ మొహం వెలిగిపోయింది. అప్పుడు సార్, "రక్తంలకు ఎక్కువ పోయిందని తెలిసింది. రోగం పోయిందని ఎట్ల తెలిసింది? అది వేరే ప్రశ్న, దానికి వేరే పరీక్ష" అన్నారు. పైగా అదే పిపెరిన్ ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులను కూడా రక్తంలో పెంచగలదు, కాబట్టి ఫిట్స్ మందు వాడేవాళ్లు పిపెరిన్ క్యాప్సూల్స్ లాంటివి డాక్టరును అడక్కుండా వేసుకోవద్దన్నారు. ఒకే జవాబులో ఒక నిజాన్ని ఒప్పుకోవడం, ఎక్కడ ఆగాలో చూపించడం, ఒక జాగ్రత్త చెప్పడం, మూడూ అయిపోయాయి. నేను చదువుకున్న రోజుల్లో ఇట్లా చెప్పినవాళ్లు లేరు.

నాకు అన్నిటికంటే నచ్చింది నీలం నీళ్ల క్లాసు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో లీటరు నీళ్లు పోసి, బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు వేశారు. ఇది రక్తం, నీలం మందు. అరలీటరు తీసేసి అరలీటరు మంచినీళ్లు పోశారు, రంగు సగమైంది. మళ్లీ అట్లాగే చేస్తే పావు వంతు. ఎనిమిదో తరగతి పాప ఒకతి పక్కన నిలబడి లెక్క రాస్తూ ఉంది, ఐదోసారికి 3 శాతమే మిగిలింది, నీళ్లు మామూలుగానే కనిపించాయి. ఒక్కో మందుకు ఈ సగం కావడానికి పట్టే టైము వేరు, దాన్నే హాఫ్ లైఫ్ అంటారు. యాంటీబయాటిక్స్‌లోనే అమాక్సిసిలిన్‌కు సుమారు గంట, అజిత్రోమైసిన్‌కు 68 గంటల వరకు. అందుకే ఒకటి రోజుకు మూడుసార్లు, ఇంకొకటి రోజుకు ఒకటి చొప్పున మూడు రోజులే. షాపులో "ఇదేందక్కా, డాక్టర్ మూడే గోలీలు రాసిండు, ఇంకో మూడు ఇయ్యి" అనేవాళ్లు నాకు రోజూ తగులుతారు. మందు ఆపాక కూడా రోజుల తరబడి ఒంట్లో ఉండి పని చేస్తుందని ఇప్పుడు గ్లాసులో నీళ్లు చూపించి మరీ చెప్తున్నా. ఆ తర్వాత సార్ అదే డబ్బాలో సగం తీసిన ప్రతిసారీ రెండేసి చుక్కల నీలం వేస్తూ పోయారు. తీసిందీ వేసిందీ సమానమై రంగు ఒకచోట నిలబడిపోయింది. బీపీ గోలి రోజూ ఎందుకు వేసుకోవాలి, ఒక్కరోజే కదా అని మానేస్తే ఏమవుతుంది అన్నది అక్కడున్న అందరికీ కళ్లముందే తెలిసిపోయింది.

ఇంకో ఆదివారం ఇనప ట్రంకు పెట్టె తెరిచి పాత కాగితం చుట్ట ఒకటి తీశారు. నల్లగా ఉంది, మీద తెల్లటి గీతలు. పూర్వం ల్యాబుల్లో తిరిగే డ్రమ్ముకు కాగితం చుట్టి, దీపం పొగ పట్టించి, గినీ పంది పేగు ముక్క ముడుచుకున్నప్పుడల్లా దానికి కట్టిన పుల్ల ఆ మసి మీద గీత గీసేలా పెట్టేవాళ్లట. గీతలు చెరిగిపోకుండా లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టేవాళ్లు. ఆయన పీజీ చేసేటప్పుడు గీయించిన కాగితం అది. నా చేతికి ఇచ్చారు. అంచులు పెళుసుగా, అప్పడంలా ఉన్నాయి, ఇప్పటికీ వేలికి కొంచెం మసి అంటుతుంది. పేగును ముడిచే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చుక్క వేసిన చోట గీత నిటారుగా కొండలా లేచింది. తర్వాత అట్రోపిన్ అనే మందు వేసి మళ్లీ అదే చుక్క వేస్తే గీత నేల మీదే పాకింది. అట్రోపిన్ అనే మాట పద్నాలుగేళ్లుగా పలుకుతున్నా, అది పని చేయడం చూసింది మాత్రం అప్పుడే. ఇప్పుడు కాలేజీల్లో ఇదంతా కంప్యూటర్లో చూపిస్తున్నారని, జంతువులను చంపకుండా నేర్చుకునే దారి ఉన్నప్పుడు అదే మంచిదని కూడా సార్ అన్నారు.

ఆ తర్వాత ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కథ. 1921లో ఆయన రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. ఒకదానికి నరం ఉంచి, కరెంటు పెట్టి కొట్టుకోవడం నెమ్మది చేశారు. దాని చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు తీసి రెండో గుండె మీద పోస్తే, నరమే లేని ఆ గుండె కూడా నెమ్మదించింది. నరం తన మాటను ఒక రసాయనంతో చెప్తుందని అట్లా తేలింది, ఆ రసాయనమే తర్వాత అసిటైల్‌కోలిన్ అని గుర్తించారు, 1936లో నోబెల్ వచ్చింది.

మరి అట్రోపిన్ చేసే పనేంది? సార్ మేడారం బస్సు సంగతి ఎత్తుకున్నారు. జాతర బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ వేస్తాం. దస్తీ కూర్చోదు, టికెట్ తీసుకోదు, ఏ పనీ చేయదు, కానీ అది ఉన్నంతసేపు వేరేవాళ్లు కూర్చోరు. అట్రోపిన్ ఆ దస్తీ. జనం మరీ ఎక్కువైతే దస్తీ తీసి పారేసి కూర్చుంటారు, అప్పుడు ఇంకా ఎక్కువ దస్తీలు కావాలి. పురుగుమందు ఒంట్లోకి పోయినప్పుడు జరిగేది అదే. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును పట్టేస్తాయి. బస్సు దిగేవాళ్లు ఉండరు, ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. నోటి వెంట నురగ, కళ్ల నీళ్లు, చెమటలు, ఊపిరితిత్తుల్లో నీరు, కండరాలు అదరడం. అందుకే ఆసుపత్రిలో అట్రోపిన్ సూదులు ఊపిరితిత్తులు ఆరేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు.

మా చుట్టుపక్కల అంతా పత్తే. దసరాకు ముందు ఒక సాయంత్రం ఇద్దరు పిల్లలు ఒకతన్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని షాపుకు తెచ్చారు, పొద్దంతా వీపుకు పంపు తగిలించుకుని పురుగుమందు కొట్టాడట, ఎండదెబ్బ తగిలింది ఓఆర్ఎస్ ఇవ్వమన్నారు. నేను ఫోను లైటు వేసి కళ్లు చూశా. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంత ఉంది. పెదవి పక్కనుంచి చొంగ కారుతోంది. నాలుగు నెలల కిందైతే ఓఆర్ఎస్ ఇచ్చి పంపేదాన్ని, ఇది నిజం. అంగీ విప్పించి, సబ్బుతో చేతులు, మెడ, వీపు కడిగించి, మందు డబ్బా కూడా తెప్పించి 108లో పంపా. డబ్బా చూపించడంతో అక్కడ డాక్టర్లకు వెంటనే తెలిసిందట. పదో రోజున అతని భార్య చిన్న సంచిలో పల్లికాయలు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "అక్కా, మంచిగున్నడు" అంది. నేను ఆ సంచి సార్ దగ్గరికి తీసుకుపోయా, క్లాసులో అందరం తిన్నాం.

యాంటీబయాటిక్స్ విషయం మాత్రం నాకు ఇంకా కష్టంగానే ఉంది. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్పు చీటీ లేకుండా ఇవ్వొద్దని నాకు తెలియనిది కాదు. 2014 నుంచి హెచ్1 మందులకు, అంటే చీటీ చూసే అమ్మాల్సిన ఒక జాబితాలోని మందులకు, రిజిస్టర్ రాస్తూనే ఉన్నాం. కానీ రాత్రి తొమ్మిదింటికి జ్వరంతో ఉన్న పిల్లాడిని ఎత్తుకుని ఒక తల్లి వస్తే, ఊళ్లో డాక్టరు లేకపోతే ఏం చెప్పాలి? ఇది సార్‌ను అడిగితే సులువైన జవాబు చెప్పలేదు. ఏ జ్వరానికి రాత్రంతా ఆగొచ్చు, ఏ గుర్తులుంటే వెంటనే బండెక్కించాలి అన్నది గంటన్నర చెప్పారు. ఇప్పుడు నేను పారాసిటమాల్ ఇచ్చి, బరువు చూసి డోసు చెప్పి, పొద్దున్నే చూపించమంటున్నా. రోజుకు నాలుగైదు బేరాలు పక్క షాపుకు పోతున్నాయి. పోనీ. పెద్దవాళ్లకు 650 గోలీలు రోజుకు ఆరుకు మించొద్దని, జలుబు గోలీలో కూడా పారాసిటమాలే ఉంటుంది, రెండూ కలిపి లెక్కపెట్టుకోవాలని కవరు మీద పెన్నుతో రాసిస్తున్నా.

డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు గురించి క్లాసు విన్న రోజు బస్సులో దారంతా మాట్లాడలేకపోయా. కొన్నేళ్ల కింద రైతులు బర్రెకు వేయడానికి దాని 30 మిల్లీలీటర్ల ఇంజెక్షన్ సీసాలు అడిగేవాళ్లు, మేమూ ఇచ్చేవాళ్లం. ఆ మందు పడ్డ పశువు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పాడై చనిపోతుందని 2004లో తేలింది. పశువులకు 2006లో నిషేధించారు. మనుషులకు వాడే పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో వాటినీ ఆపి 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయని పేపర్లో చదివా కానీ, వాటికీ మా కౌంటర్‌కూ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉందని అనుకోలేదు. పశువులకు మెలాక్సికామ్ ఉంది, రాబందులకు దాంతో భయం లేదు. ఇప్పుడు అడిగినవాళ్లకు పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మని, ఫలానా మందు రాయమని అడగండని చెప్తున్నా.

క్లాసు ఒక్కటే సార్ పని కాదు. వారానికి రెండు రోజులు అదే ట్రంకు పెట్టెతో సర్కారు బడులకు పోతారు. ల్యాబు బీరువాలో టెస్ట్‌ట్యూబులు ఉంటాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు, పిల్లలు బొమ్మ చూసి ప్రయోగం బట్టీ పడతారు, ఇది మారాలని పదేళ్లుగా అధికారులకు ఉత్తరాలు రాస్తున్నారు: వారానికి ఒక్క పీరియడ్ పిల్లల చేతులతో ప్రయోగం, తెలుగులో రాసినా తగ్గని మార్కులు. రెండు బడుల్లో అట్లా మొదలైంది కూడా. నేను ఒకసారి తోడు పోయా. ఆరోజు పిల్లలకు బోదకాలు గోలీలు పంచే రోజులు దగ్గరున్నాయి. ఆశా అక్క ఇచ్చే డీఈసీ గోలీని చాలామంది నోట్లో వేసుకుని బయటికి పోయి ఉమ్మేస్తారు. సార్ ఆ గోలి పట్టుకుని, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో నడిపిన బృందం నుంచి 1947లో ఈ మందు వచ్చిందని చెప్పారు. ఒక పిల్లాడు "మన తెలుగాయననా సార్?" అని రెండుసార్లు అడిగాడు. ఇంకో అమ్మాయి, మరి వేసుకుంటే జ్వరమెందుకు వస్తుంది, మా అవ్వకు వచ్చింది, అంది. రక్తంలో ఉన్న పురుగు పిల్లలు చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, దురద వస్తాయి, అంటే మందు పని చేస్తోందన్నమాట, అని సార్ చెప్తుంటే ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో అవ్వ పేరు రాసుకుంది.

సార్ మీద నాకు నమ్మకం కుదిరింది ఇంకో సంగతితో. ఒకసారి నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పుల మందు గురించి వచ్చింది. "నేను చాన ఏండ్లు క్లాసుల పిల్లల జ్వరానికి ఇయ్యొచ్చనే చెప్పిన. తప్పు చెప్పిన" అన్నారు. 2011లో పన్నెండేళ్లలోపు పిల్లలకు దాన్ని నిషేధించాక, అంతకుముందు చదువుకుని పోయిన స్టూడెంట్లకు పోస్టుకార్డులు రాశారట. మందు వేసుకున్నాక ఏ తేడా కనిపించినా 1800-180-3024కు ఫోన్ చేసి ఎవరైనా చెప్పొచ్చని ఆరోజే బోర్డు మీద రాశారు, అది దేశమంతటికీ ఉన్న ఫ్రీ నంబరు. నా షాపు గోడకు అంటించా.

ఇబ్బందులూ చెప్పాలి. రెండు గంటలని చెప్పి మూడున్నర గంటలు పడుతుంది, మధ్యాహ్నం బస్సు పట్టుకోవాల్సిన వాళ్లకు టెన్షన్. రేకుల కింద ఎండాకాలం కూర్చోవడం కష్టం, రెండు ఫ్యాన్లు చాలవు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే ఈ క్లాసు ఎక్కువ అవసరం, వాళ్లే ఎక్కలేకపోతున్నారు. మైకు లేదు, వెనక కూర్చుంటే సార్ గొంతు సగం వినపడదు, ముందే పోయి మొదటి రెండు వరసల్లో కూర్చోండి. రాసిచ్చే నోట్స్ ఏమీ లేవు, సొంతంగా రాసుకోవాల్సిందే. ఇంకోటి, నా అభిప్రాయం మాత్రమే, పిల్లలకు, పెద్దవాళ్లకు వేరువేరుగా పెడితే బాగుంటుంది. పెద్దవాళ్లు తమ సొంత రోగాల గురించి అడుగుతూ పోతే పిల్లల ప్రయోగాలకు టైము మిగలడం లేదు. పైగా సార్ వైద్యం చేయరు, చీటీ రాయరు, రిపోర్టులు చూడమంటే డాక్టరు దగ్గరికే పొమ్మంటారు. అది ముందే తెలుసుకుని పోతే నిరాశ ఉండదు.

మెడికల్ షాపుల వాళ్లు, ఆశా అక్కలు, సైన్సు చెప్పే టీచర్లు తప్పకుండా పోవాలి. పిల్లలను తీసుకుపోయేవాళ్లు ఆరో తరగతి పైనవాళ్లను తీసుకుపోండి, అంతకన్నా చిన్నవాళ్లు కూర్చోలేరు. నీళ్ల బాటిల్, నోట్‌బుక్ మరిచిపోవద్దు.

వచ్చే ఆదివారం ఇంట్లో మిగిలిపోయిన గోలీలన్నీ తెమ్మన్నారు, ఏది ఎందుకు మిగిలింది, ఏది ఉంచాలి, ఏది పారేయాలి, ఎట్లా పారేయాలి అని చూస్తారట. అమ్మ ఈసారి తనూ వస్తానంది, మెట్లు మెల్లగా ఎక్కిస్తా. తన గోలీల డబ్బా, అడుగున ఇంకా దాచిన ఆ పాత పొట్లం ఒకటి, రెండూ కలిపి నిన్ననే సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచింది.